రాత్రి 11 దాటాక వేడి దోసె: ఇంగ్లండ్‌లోని తెలుగు కౌన్సిలర్లకు బహిరంగ లేఖ

ఇంగ్లండ్‌లో కౌన్సిలర్లుగా గెలిచిన మన తెలుగువాళ్ళందరికీ నమస్కారం.

మీలో కొందరిని ఉగాది వేడుకల్లో చూశాను. ఒకరిద్దరికి నా చేత్తో ఇడ్లీ కూడా వడ్డించాను. అయినా ఈ ఉత్తరం ఏ ఒక్కరికో కాదు. రాత్రిపూట నడిచే హోటళ్ళకు లైసెన్సులిచ్చే మీ కౌన్సిళ్ళ పాలసీ గురించి మీ అందరికీ రాస్తున్నాను. మా కౌన్సిల్‌కు ఇంగ్లీషులో రాయాల్సింది పద్ధతిగా రాశాను, అందిందని జవాబు కూడా వచ్చింది. ఇది తెలుగులో రాయడానికి కారణం ఒకటే. లైసెన్సింగ్ కమిటీ బల్లకు అటు కూర్చునేవాళ్ళలో ఇప్పుడు మనవాళ్ళు ఉన్నారు, ఇటు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళలోనూ మనవాళ్ళు ఉన్నారు. ఈ రెండు వైపులవాళ్ళూ ఒకసారి మన భాషలో మాట్లాడుకుంటే బాగుంటుందనిపించింది.

నాది గుంటూరు జిల్లా. 2009లో చదువుకని వచ్చాను. చదువయ్యాక కొన్నేళ్ళు వేరేవాళ్ళ వంటింట్లో పనిచేసి, 2017లో మా ఆవిడా నేనూ కలిసి చిన్న హోటల్ పెట్టాం. 38 సీట్లు. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం భోజనం, రాత్రికి బిర్యానీ, దోసె. ఊరి పేరు, కౌన్సిల్ పేరు రాయడం లేదు. ఎవరి మీదా పితూరీ చెప్పడానికి కూర్చోలేదు. నాకు జరిగింది ఈ దేశంలో చాలా ఊళ్ళలో జరగగలిగేదే.

మొదటి ఐదేళ్ళూ మాకు ప్రెమిసెస్ లైసెన్సు, అంటే ఒక చోట మద్యమో రాత్రిపూట వేడి తిండో అమ్ముకోవడానికి కౌన్సిల్ ఇచ్చే అనుమతి, అవసరం రాలేదు. మద్యం అమ్మలేదు, రాత్రి 11కి పొయ్యి ఆపేసేవాళ్ళం. తిండి అమ్మడానికి ఈ లైసెన్సు అక్కర్లేదు, కానీ రాత్రి 11 నుంచి పొద్దున 5 వరకు వేడి తిండి, వేడి పానీయం జనానికి అమ్మాలంటే కావాలి. లేట్ నైట్ రిఫ్రెష్‌మెంట్ అంటారు దాన్ని. 11 గంటల 5 నిమిషాలకు పెనం మీంచి తీసిన దోసె పొట్లం కట్టి ఇస్తే చట్టం తప్పినట్టే. అదే చల్లారిన పులిహోర అయితే తప్పు కాదు. మన హోటళ్ళు నడిపే కుర్రాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఆసుపత్రి నుంచి నైట్ డ్యూటీ మారే నర్సులు, టాక్సీ నడిపేవాళ్ళు, గోడౌన్‌లో షిఫ్టు దిగినవాళ్ళు 11 దాటాకే తలుపు తడతారు. వాళ్ళ కోసమని 2022లో దరఖాస్తు పెట్టాను. వేడి తిండి రాత్రి 1 వరకు, భోజనంతో పాటు బీరు, వైను రాత్రి 12 వరకు అడిగాను.

ఇండియా నుంచి వచ్చిన మన మనసులో లైసెన్సు అంటే ఒక బొమ్మ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబర్‌లో 3,396 మద్యం షాపులకు డ్రా తీశారు. ఎన్ని షాపులో ప్రభుత్వం ముందే లెక్క కడుతుంది, ఫీజు కట్టినవాళ్ళ పేర్లు డబ్బాలో వేస్తుంది. అందుకని ఇక్కడా ఫారం నింపి ఫీజు కడితే పని అయిపోతుందనో, లేకపోతే ఎవరో పెద్దమనిషి మాట సాయం కావాలనో అనుకుంటాం. ఇక్కడ ఆ రెండూ కాదు. 2003 లైసెన్సింగ్ చట్టం 2005 నవంబర్ 24 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. అంతకుముందు మద్యం లైసెన్సులు మెజిస్ట్రేట్ల చేతుల్లో ఉండేవి, ఆ పని కౌన్సిళ్ళకు వచ్చింది. చట్టం చూడమన్నవి నాలుగే: నేరాలూ గొడవలూ జరక్కుండా చూడటం, జనం భద్రత, ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా చూడటం, పిల్లలకు హాని కలగకుండా చూడటం. ఈ నాలుగింటినీ తన ఊళ్ళో ఎలా అమలు చేస్తుందో ప్రతి కౌన్సిల్ ఒక పాలసీగా రాసి అచ్చువేయాలి. మొదట మూడేళ్ళకొకసారి రాసేవాళ్ళు, 2011లో చట్టం మార్చాక ఐదేళ్ళకొకసారి అయింది.

ఆ పాలసీ నేను చదవలేదు. నా తప్పు అక్కడే మొదలైంది. ఆపరేటింగ్ షెడ్యూల్ అని ఫారంలో ఒక భాగం ఉంటుంది. హోటల్ ఎలా నడుపుతామో, ఆ నాలుగు విషయాలకు ఏం జాగ్రత్తలు తీసుకుంటామో మన మాటల్లో రాయాలి. పక్క ఊళ్ళో హోటల్ ఉన్న స్నేహితుడి ఫారం తెచ్చి, పేర్లు మార్చి దించేశాను. అతని హోటల్ హైవే పక్కన, పైన ఎవరూ ఉండరు. నాది బజారు వీధిలో, పైనా పక్కనా కాపురాలు. దరఖాస్తు పెట్టామని జనానికి తెలిపే నోటీసు తెల్ల కాగితం మీద అచ్చు తీసి అద్దానికి అంటించాను. వారం తర్వాత ఆఫీసర్ ఫోన్ చేసి, లేత నీలం కాగితం కావాలి, అక్షరాలు 16 పాయింట్లకు తగ్గకూడదు అన్నారు. అభ్యంతరాలు చెప్పడానికి ఇచ్చే 28 రోజుల లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలైంది. దరఖాస్తు ఫీజు 190 పౌండ్లు. ఆ ఫీజుల పట్టిక 2005 నుంచి మారలేదు. అంతకంటే ఎక్కువ స్థానిక పేపర్లో ప్రకటనకే అయింది. ప్లాను గీయించడం, లాయరు సలహా, అడ్వాన్సు కట్టిన పక్క గదికి ఖాళీగా ఉండగానే అద్దె... అవన్నీ కలిపితే మా మూడు నెలల మిగులు.

27వ రోజున పోలీసుల అభ్యంతరం వచ్చింది, 28వ రోజున పక్క భవనం పైఅంతస్తులో ఉండే పెద్దావిడది. పోలీసులు నా హోటల్ గురించి ఒక్క చెడ్డ మాట రాయలేదు. మా వీధి క్యుములేటివ్ ఇంపాక్ట్ ప్రాంతంలో ఉంది, కాబట్టి ఇంకో లైసెన్సు ఇవ్వకూడదు, అంతే రాశారు.

ఆ మాట మీకు నాకంటే బాగా తెలుసు. చదివే మిగతావాళ్ళ కోసం చెబుతాను. ఒక వీధిలోనో బజారులోనో మద్యం అమ్మే చోట్లు ఎక్కువై, ఏ ఒక్కదాని తప్పూ కాకపోయినా అన్నీ కలిసి రాత్రిపూట గొడవలకూ చెత్తకూ కారణమవుతున్నాయని కౌన్సిల్ భావిస్తే, ఆధారాలు చూపించి ఆ ప్రాంతాన్ని అలా ప్రకటించవచ్చు. చాలా ఏళ్ళు ఇది ప్రభుత్వం ఇచ్చే మార్గదర్శకాల్లో మాత్రమే ఉండేది. 2018 ఏప్రిల్ నుంచి చట్టంలోనే చేరింది. ఆ అంచనాను మూడేళ్ళకొకసారి మళ్ళీ చూసుకోవాలి. అక్కడ కొత్త లైసెన్సు గానీ, ఉన్న లైసెన్సుకు ఎక్కువ గంటలు గానీ అడిగి, దానికి అభ్యంతరం వచ్చిందంటే కమిటీ వద్దనే వైపే మొగ్గుతుంది. నా వల్ల భారం పెరగదని నేనే ఒప్పించుకోవాలి.

ఇది ఎందుకు పుట్టిందో నాకు అర్థమవుతుంది. శనివారం రాత్రి 2 గంటలకు మా వీధి చివర క్లబ్ వదిలినప్పుడు నేనూ చూశాను. అంబులెన్స్ వస్తుంది, ఎవడో తూలుతూ మా మెట్ల మీద కక్కుతాడు, పొద్దున మా ఆవిడ బకెట్ నీళ్ళు పోసి కడుగుతుంది. లండన్‌లో హాక్నీ కౌన్సిల్ 2018లో షోర్‌డిచ్, డాల్‌స్టన్ ప్రాంతాలకు కఠినమైన పాలసీ పెట్టినప్పుడు పెద్ద రభస జరిగింది. పాలసీని తిట్టినవాళ్ళూ ఉన్నారు, రాత్రులు నిద్ర పట్టని ఆ చుట్టుపక్కల జనమూ ఉన్నారు. పాలసీ వద్దని నేను అనడం లేదు. లెక్క ఎలా కడుతున్నారన్నదే నా బాధ.

అభ్యంతరాలు వస్తే కమిటీ రెండు వైపులా వినే హియరింగ్‌లో పోలీసుల తరఫున వచ్చినాయన ఒక పటం ఇచ్చారు. ప్రాంతం చుట్టూ నల్లగీత, లోపల లైసెన్సున్న ప్రతి చోటుకూ ఒక ఎర్ర చుక్క. ఆ చుక్కల్లో ఒకటి సూపర్‌మార్కెట్, ఒకటి క్లబ్, ఒకటి ఫ్రైడ్ చికెన్ కొట్టు, ఒకటి ఇటలీ వంటల హోటల్. పటంలో అన్నీ ఒకే ఎరుపు, ఒకే సైజు. నా హోటల్ ఉన్నచోట పెన్నుతో ఇంకో చుక్క పెట్టి చూపించారు. నేను ఆ చుక్క వైపే చూస్తూ కూర్చున్నాను. అందులో మా అమ్మాయి హోంవర్క్ చేసుకునే మూల బల్ల ఉంది, ఆదివారం పొద్దున పెసరట్టు కోసం వరసగా నిలబడే కుటుంబాలున్నాయి. క్లబ్ చుక్కకూ దానికీ తేడా చెప్పే గుర్తు ఆ పటంలో ఏదీ లేదు.

ముగ్గురు కౌన్సిలర్లు కూర్చున్నారు. మర్యాదగా మాట్లాడారు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. అందులో ఒకామె మా మెనూ కార్డు తిరగేస్తూ ఆగారు. పాలసీలో ఉన్న మాదిరి షరతు ప్రకారం, బల్ల దగ్గర కూర్చుని కడుపు నిండే భోజనం చేసేవాళ్ళకే మద్యం ఇవ్వాలి. మా కార్డులో దోసెలు, ఉప్మా, పెసరట్టు అన్నీ ‘టిఫిన్స్ అండ్ స్నాక్స్’ అనే శీర్షిక కింద ఉన్నాయి. ఆమె అడిగారు: దోసె అంటే పల్చటి అట్టే కదా, దాన్ని భోజనం అనుకోవచ్చా? నాకు ఒక్కసారిగా నోరు పెగల్లేదు. చిన్నప్పుడు మా నాన్న పొలం నుంచి వచ్చి రాత్రికి రెండు దోసెలు, పచ్చడి, గ్లాసెడు మజ్జిగతో భోజనం ముగించడం గుర్తొచ్చింది. ఆ మాటే చెప్పాను. ఆమె రాసుకున్నారు. కానీ తీర్పు కాగితంలో ‘స్నాక్స్‌తో మద్యం ఇవ్వరాదు’ అనే షరతు వచ్చింది. ఆ షరతు ప్రకారం మసాలా దోసె తినేవాడికి బీరు ఇవ్వవచ్చో లేదో ఈరోజుకీ నేను తేల్చుకోలేకపోతున్నాను. అందుకని ఇవ్వడం లేదు. పాలసీ రాసినవాళ్ళ మనసులో భోజనమంటే మాంసం, ఆలుగడ్డ, పళ్ళెం, ఫోర్కు. వాళ్ళు చెడ్డవాళ్ళై కాదు, అడిగిన ఆ గదిలో మన తిండి తెలిసిన మనిషి లేడు, అంతే.

ఇంకో పొరపాటు నాదే. నా వంతు వచ్చినప్పుడు, జనం అడుగుతున్నారండీ, రాత్రి డ్యూటీ దిగిన నర్సులు రోజూ తలుపు తట్టి వెళ్ళిపోతున్నారు అని ఐదు నిమిషాలు చెప్పాను. కమిటీ లాయరు నెమ్మదిగా చెప్పారు: గిరాకీ ఉందా లేదా అన్నది లైసెన్సింగ్‌లో లెక్కలోకి రాదు. నిజమే. ఆ నాలుగు విషయాలే లెక్క. వ్యాపారిగా నాకు ముందు తట్టేది గిరాకీయే, చట్టం ముందు అది అసలు మాటే కాదు. నాకున్న పది నిమిషాల్లో సగం అలా పోయింది. కెమెరాల గురించి, రాత్రి 11 తర్వాత వెనక గుమ్మం మూసేయడం గురించి చెప్పాల్సిన సమయం అది.

మద్యం 10:30 వరకు, వేడి తిండి 11:30 వరకు ఇచ్చారు. మెజిస్ట్రేట్ కోర్టుకు వెళ్ళడానికి 21 రోజులుంది. లాయరు ఖర్చు చెప్పారు. కమిటీ తప్పు చేసిందని నేనే నిరూపించుకోవాలని, 2011లో అప్పీలు కోర్టు ఇచ్చిన హోప్ అండ్ గ్లోరీ తీర్పు అలా చెబుతోందని కూడా చెప్పారు. వెళ్ళలేదు.

ఆ ఏడాదంతా పాలసీ చదివాను. హోటల్ కట్టేశాక, గిన్నెలు తోమడం అయ్యాక, వంటింటి స్టూలు మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదివాను. ఈ పని చేసే ప్రతి తెలుగువాడికీ తెలియాల్సిన మాట అందులోనే ఉంది. దరఖాస్తు మీద అభ్యంతరం ఒక్కటీ రాకపోతే కౌన్సిల్ లైసెన్సు ఇచ్చి తీరాలి. చట్టం అందరికీ పెట్టే తప్పనిసరి షరతులు కాక, మనం ఫారంలో రాసిన జాగ్రత్తలనే షరతులుగా పెట్టగలదు గానీ, హియరింగ్ ఉండదు, పాలసీ చూపించి కాదనడానికీ లేదు. ఒక్క అభ్యంతరం వచ్చిందా, పాలసీ మొత్తం లేచి కూర్చుంటుంది. 2005లోనే బ్రిటిష్ బీర్ అండ్ పబ్ అసోసియేషన్ కాంటర్‌బరీ కౌన్సిల్ మీద వేసిన కేసులో, పాలసీ భాష దరఖాస్తుదారులకు ఇలాగే రాసి తీరాలన్న ఆజ్ఞలా ఉండకూడదని హైకోర్టు చెప్పింది. 2008లో థ్వెయిట్స్ కేసులో ఇంకో మాట కూడా వచ్చింది. ఎక్కువ గంటలు నడిచినా గొడవలు జరగని పబ్బుకు, ఏదో జరగొచ్చన్న ఊహతో గంటలు తగ్గించిన తీర్పును హైకోర్టు కొట్టేసింది. ఆధారం కావాలంది. నా హియరింగ్ రోజున ఈ రెండు తీర్పుల పేర్లయినా నాకు తెలియవు.

ఇంకా ఒకటి నేర్చుకున్నాను. ఆ పెద్దావిడ రాసిన ఉత్తరం మళ్ళీ చదివాను. రాత్రి 10:45కి వెనక సందులో ఖాళీ సీసాలు డబ్బాలో కుమ్మరిస్తారు, డెలివరీ కుర్రాళ్ళు ఇంజను ఆపకుండా ఆమె కిటికీ కింద నిలబడతారు అని రాసింది. ప్రతి అక్షరం నిజం. ఆమె నా మీద కక్షతో రాయలేదు, ఐదేళ్ళ నుంచి నిద్రలేక రాసింది. నేను ఆ ఐదేళ్ళలో ఒక్కసారీ ఆమె తలుపు తట్టలేదు. మా ఆవిడ ఒక డబ్బాలో జంతికలు పెట్టి పంపింది. పెద్దావిడ టీ ఇచ్చింది, తర్వాత కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి కిందకు చూపించింది. పైనుంచి చూస్తే మా చెత్త డబ్బా సరిగ్గా ఆమె మంచానికి ఎదురుగా ఉంది. ఆ రోజు నుంచి సీసాలు మర్నాడు పొద్దున 9 తర్వాతే బయటకు వెళ్తున్నాయి. డెలివరీ అంతా వీధి వైపు గుమ్మం నుంచే. మోత చేస్తున్న ఫ్యాను బాగు చేయించాం.

ఏడాది తర్వాత మార్పు కోసం మళ్ళీ దరఖాస్తు పెట్టాను. శుక్ర, శని వారాల్లో వేడి తిండి 12 వరకు, ఆఖరి ఆర్డరు 11:45కి, మద్యం వేళలు ఉన్నవి ఉన్నట్టే. ఫారం పెట్టక ముందే పోలీసు లైసెన్సింగ్ ఆఫీసర్ దగ్గరకు వెళ్ళాను. కెమెరా రికార్డు 31 రోజులు దాస్తాను, గుమ్మం దగ్గర మనిషిని పెడతాను, ఇంకేం కావాలో చెప్పండి అన్నాను. ఆయన రెండు మాటలు చేర్చారు, ఒప్పుకున్నాను, ఫారంలో అవే రాశాను. 28 రోజులూ గడిచాయి. ఒక్క అభ్యంతరమూ రాలేదు. హియరింగ్ లేకుండానే లైసెన్సు కాగితం పోస్టులో వచ్చింది. అదే వీధి, అదే పాలసీ, అదే ఎర్ర చుక్క.

మరి నీ పని అయిపోయింది కదా, ఇంకా ఎందుకు రాస్తున్నావు అని మీరు అడగవచ్చు. నా పని కావడానికి మూడు నెలల మిగులూ, ఏడాది రాత్రుల చదువూ పోయాయి. అంత ఓపిక లేని వాళ్ళను నేను చూస్తున్నాను. మా వీధిలోనే ఒక విజయవాడ అమ్మాయి కేటరింగ్ నుంచి హోటల్‌కు మారదామని చోటు చూసుకుంది. అది క్యుములేటివ్ ఇంపాక్ట్ ప్రాంతం, లైసెన్సు రాదు అని ఎవరో చెబితే దరఖాస్తే పెట్టకుండా వెనక్కి తగ్గింది. పాలసీ ఎవరినైనా కాదన్నప్పుడు కనీసం ఒక కాగితం ఉంటుంది, దాని మీద అప్పీలు ఉంటుంది. ఇలా భయపడి ఆగిపోయినవాళ్ళ లెక్క ఏ కౌన్సిల్ కాగితంలోనూ ఉండదు.

ఇప్పుడు అసలు అడగాలనుకున్నది అడుగుతాను.

మీలో లైసెన్సింగ్ కమిటీలో కూర్చునేవాళ్ళు కొందరే ఉండొచ్చు. కూర్చున్నా, తెలిసినవాళ్ళ దరఖాస్తు వస్తే పక్కకు తప్పుకోవాలి. అది సరైన పద్ధతి, మన మనిషి కదా అని చూడమని నేను అడగను. కానీ పాలసీ సంగతి వేరు. దరఖాస్తు మీద ముగ్గురు నిర్ణయిస్తారు, పాలసీని మాత్రం మొత్తం కౌన్సిల్ ఆమోదించాలి, కమిటీకి వదిలేయడానికి చట్టం ఒప్పుకోదు. అంటే మీలో ప్రతి ఒక్కరికీ ఐదేళ్ళకొకసారి దాని మీద ఓటు ఉంది. రాత్రి 9 గంటలకు ఎజెండాలో చివరి అంశంగా వచ్చే ఆ కాగితాన్ని చేతులెత్తి దాటించేయకండి. నా హియరింగ్ ఫలితం ఆ రోజు ఆ గదిలో తేలలేదు. అంతకు మూడేళ్ళ ముందు పాలసీ మీద చేతులెత్తిన సాయంత్రమే చాలావరకు తేలిపోయింది.

ఆ ఓటుకు ముందు పటం అడగండి. చుక్కలు విడదీసి చూపించమనండి. బల్ల దగ్గర కూర్చోబెట్టి వడ్డించే చోటు ఏది, నిలబడి తాగే చోటు ఏది, ఏ గొడవ ఏ గంటకు జరిగింది? 2 గంటలకు క్లబ్ ముందు జరిగిన కొట్లాటను 11:30కి మూసే హోటల్ ఖాతాలో వేయకుండా గంటల వారీగా లెక్కలు పెట్టమనండి. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ తన పాలసీలో హోటళ్ళకు ఒక రకం వేళలు, పబ్బులకు ఇంకో రకం చూపు అని విడదీసి రాస్తుంది. వాళ్ళ పాలసీ మెత్తనిదేం కాదు. అయినా ఆ తేడా పాటించింది. మీ ఊళ్ళో ఎందుకు కుదరదో ఆఫీసర్లను అడగండి.

‘కడుపు నిండే భోజనం’ అన్న షరతు దగ్గర ఆగి, దాన్ని మీ మాటల్లో వివరించండి. ఒక వాక్యం చాలు: హోటల్ ఏ దేశపు వంట వండినా, బల్ల దగ్గర వడ్డించి కూర్చుని తినేది భోజనమే. అది మీరు కాక ఇంకెవరు చెప్పగలరు? ఆ గదిలో దోసె తిని పెరిగింది మీరే.

పాలసీ మార్చేటప్పుడు పోలీసులను, ఫైర్ వాళ్ళను, లైసెన్సున్నవాళ్ళ ప్రతినిధులను, అక్కడి వ్యాపారుల, నివాసుల ప్రతినిధులను అడగాలని చట్టమే చెబుతోంది. మా కౌన్సిల్ పాలసీ చివర అడిగినవాళ్ళ జాబితా చూశాను. పబ్బుల సంఘముంది, సూపర్‌మార్కెట్ల తరఫు లాయర్లున్నారు. మా వీధిలో ఐదు భాషల హోటళ్ళున్నాయి, ఒక్కటీ ఆ జాబితాలో లేదు. మా తప్పు లేదనను. వెబ్‌సైట్‌లో పన్నెండు వారాలు తెరిచి ఉంచితే మేమెవరమూ చూడలేదు. మీరు ఆ పన్నెండు వారాల్లో ఒక మధ్యాహ్నం 3 నుంచి 5 మధ్య, హోటళ్ళు ఖాళీగా ఉండే వేళలో, ఒక సమావేశం పెట్టించండి. 60 పేజీల పాలసీకి రెండు పేజీల సారాంశం రాయించండి. మొదటి పేజీ మొదటి వాక్యంలోనే, అభ్యంతరం రాకపోతే లైసెన్సు వస్తుందని, ఫారం పెట్టక ముందు పోలీసులతో, పొరుగువాళ్ళతో మాట్లాడమని రాయించండి. కౌన్సిల్‌కు అదనపు ఖర్చు ఏమంత ఉండదు, హియరింగ్‌లు తగ్గితే ఆఫీసర్లకూ సమయం మిగులుతుంది.

కమిటీలో కూర్చునేవాళ్ళకు ఒక్క మాట. 2017లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ ఈ చట్టాన్ని పరిశీలించి, లైసెన్సింగ్ కమిటీల పనితీరు మీద గట్టిగానే మాట్లాడింది. ఆ పనిని కట్టడాలకు అనుమతులిచ్చే ప్లానింగ్ కమిటీలకు అప్పగించమని కూడా సూచించింది. అది జరగలేదు, ఆ బాధ్యత మీ దగ్గరే ఉంది. తిరస్కరించేటప్పుడు ‘పాలసీకి విరుద్ధం’ అన్న రెండు మాటలతో ఆపకండి. ఈ హోటల్ వల్ల ఏ గంటకు ఏ ఇబ్బంది పెరుగుతుందని అనుకుంటున్నారో రాయండి. అలా రాస్తే ఆ మనిషికి ఏం సరిదిద్దుకోవాలో తెలుస్తుంది. మా పొరుగావిడ ఉత్తరంలో ఉన్నంత వివరం నా తీర్పు కాగితంలో లేదు.

హోటల్ పెట్టబోయే మన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ కూడా ఇక్కడే చెబుతాను, ఎలాగూ చదువుతారు. పక్కవాడి ఫారం దించకండి. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టక ముందు ఆ చోటు క్యుములేటివ్ ఇంపాక్ట్ గీత లోపల ఉందో బయట ఉందో చూసుకోండి. ప్లానింగ్ అనుమతిలో మూసే వేళ వేరుగా ఉండొచ్చు, లైసెన్సు వచ్చినా అది దాటకూడదు. మీ దరఖాస్తును సమర్థిస్తూ కూడా జనం రాయవచ్చు, అభ్యంతరాలే రాయాలని లేదు. హియరింగ్ తప్పదని తెలిసినప్పుడు మీ గిరాకీదార్లను అడగండి, కానీ ‘వంట బాగుంటుంది’ అని కాదు, ‘రాత్రి ఆ హోటల్ ముందు ప్రశాంతంగా ఉంటుంది’ అని రాయమనండి. సంక్రాంతికీ ఉగాదికీ హాలు తీసుకుని మద్యం అమ్మే సంఘాలవాళ్ళు కనీసం పది పనిదినాల ముందే 21 పౌండ్లు కట్టి టెంపరరీ ఈవెంట్ నోటీసు ఇవ్వండి. ఆ నోటీసు మీద పనివాళ్ళతో సహా 499 మందికి మించి ఉండకూడదు.

కౌన్సిలర్లకు చివరిగా ఒక విన్నపం. మీ ఊళ్ళో పాలసీ ఓటుకు వచ్చే ముందు ఒక శుక్రవారం రాత్రి 11 నుంచి 12 వరకు ఆ గీత లోపల నడిచి చూడండి. ఒక్కరే వెళ్ళండి, ఆఫీసర్లు వద్దు. ఏ గుమ్మం ముందు కేకలు వినపడుతున్నాయి, ఏ గుమ్మం ముందు ఒక నర్సు పొట్లం కోసం నిలబడి ఫోన్ చూసుకుంటోంది, మీ కళ్ళతో చూడండి. పైఅంతస్తుల్లో ఏ కిటికీల్లో దీపం వెలుగుతోందో కూడా తలెత్తి చూడండి. మీరు మా కౌన్సిల్‌వారే అయితే మా హోటల్‌కు రండి. శుక్రవారం ఆఖరి ఆర్డరు 11:45కి తీసుకుంటాం, ఆ లోపు వస్తే వేడిగా వడ్డించగలను.

ఇట్లు,
మీ ఊళ్ళో హోటల్ నడుపుకునే ఒక తెలుగువాడు